తిరిగేదా, తిరగనిదా

అక్టోబర్ 3, 2005, సోమవారం

నిన్న ప్రార్థన అయిపోయాక చర్చి వరండాలో మహిళా సంఘం కూర్చుంది. నా ముందు బల్ల మీద రెండే వస్తువులు. ఒకటి అగ్గిపెట్టె అంత హార్డ్ డిస్కు, మందం అందులో సగం కూడా లేదు. రెండోది తపాలా బిళ్ళంత ఫ్లాష్ మెమరీ కార్డు. ధర రెండింటికీ దాదాపు ఒకటే. ఒకటి లోపల తిరుగుతుంది, ఒకటి తిరగదు. నేను చేయబోతున్న, కథ వినిపించే నలభై పెట్టెల్లో ఏది పెట్టాలన్నదే ప్రశ్న.

పెట్టెలు చెన్నూరు వైపు పత్తి చేన్లలో పనిచేసే, చదువు రాని ఆడవాళ్లకు. నడుముకు కట్టుకొని పత్తి తీస్తూ వింటారు. వినేది మా ఎలీసబెతు సిస్టరమ్మ చెప్పిన కథ. ఆమె ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైంది. రెండేళ్లు కూర్చొని క్యాసెట్లలోకి చెప్పింది. లచ్చవ్వ అనే ఆమె ఇంటి కథ. ఆ ఇంటికి రాని రోగం లేదు. ఎవరికి ఏమొచ్చినా ఏం చేయాలో, ఏం చేయకూడదో కథలోనే తెలిసిపోతుంది. మొత్తం డెబ్బై ఆరు గంటలు. డిస్కులో అంతా పడుతుంది, ఇంకా బోలెడు చోటు మిగులుతుంది. కార్డులో నాలుగో వంతే పడుతుంది.

"ముఖ్యమైనవి ఏరి పెడితే సరిపోదా?" అని ఎవరో అన్నారు.

సిస్టరమ్మ కళ్లద్దాలు తీసింది. "ఏరు మరి. టీబీ తీసెయ్యాల్నా, కామెర్లు తీసెయ్యాల్నా? పాము కర్సుడు తీసేద్దామా? నువ్వే చెప్పు."

డిస్కే అని తీర్మానం. క్రిస్మస్ రోజు పంచాలి.

నేను రెండింటి సంగతీ సమానంగానే చెప్పాను. డిస్కును అందరి చేతుల్లోకీ పంపించాను కూడా. కార్డును పంపించడం మర్చిపోయాను, అంతే.

అక్టోబర్ 5

కరీంనగర్ డీలర్ నమూనాకని ఇచ్చిన పాడైన డిస్కు మూత విప్పి బాపుకు చూపించాను. లోపల రూపాయి బిళ్ళంత పళ్ళెం, అద్దంలా. దాని మీద వెంట్రుక మందం కూడా ఎడం లేకుండా, అయినా తగలకుండా కదిలే చిన్న సూది. బాపు చాలాసేపు చూశాడు. తర్వాత బాగున్న డిస్కును నడిపిస్తే తీసి చెవికి పెట్టుకున్నాడు.

"తిరుగుతున్నది" అన్నాడు, పాత దోస్తు కనబడ్డట్టు.

"రెండోది అస్సలు తిరగదు బాపూ. సప్పుడే ఉండదు."

"మరి అది మంచిగున్నదో లేదో ఎట్ల తెలుస్తది? తిరిగే మిషను ఆగేముందు జర చెప్తది. గా సప్పుడు ఇనుకుంటనే కదా నేను ముప్పై ఏండ్లు మనుషులను బాయిలకు దించింది, మీదికి తెచ్చింది."

బాపు, అంటే మా నాన్న అబ్రహాం, బొగ్గు గనిలో వైండింగ్ ఇంజను నడిపినవాడు. ఆయన మాట నాకు చాలా నచ్చింది. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

హైదరాబాద్‌లో ఏడేళ్లు వేరేవాళ్ల బోర్డులకు టంకం వేశాను. అమ్మ పోయాక నస్పూర్ వచ్చి రిపేరు షాపు పెట్టాను. ఈ మధ్య రేడియోలు రావడమే మానేశాయి. అలాంటి నా బల్ల మీద ఇప్పుడు ఈ డిస్కు. దీన్ని చూస్తుంటే ఎందుకో జుట్టు సరిచేసుకోవాలనిపిస్తుంది.

అక్టోబర్ 17

మూడు పెట్టెలు తయారు. రెండింట్లో డిస్కు, ఒకదాంట్లో కార్డు. ఒక డిస్కు పెట్టె ఇంట్లో బాపు దగ్గర. రెండోది చెన్నూరు దగ్గర పత్తి తీసే భూమవ్వకు. కార్డు పెట్టె భూమవ్వ పక్క సాలులో పనిచేసే కొమురవ్వకు. ఇది పోల్చి చూడటానికి మాత్రమే. అందులో ఏదో మొదటి వంతు వేసి ఇచ్చాను.

అక్టోబర్ 26

ఇంట్లోని డిస్కు పెట్టె తొమ్మిది రోజులుగా ఒక్కసారి కూడా ఆగలేదు. టీవీ మీద లేసు గుడ్డ పరిచి దాని మీద పెట్టాం.

అక్టోబర్ 29

భూమవ్వ పెట్టె ఆగిపోయిందని కబురు. పడేసి ఉంటుంది.

నవంబర్ 2

బస్సులో పెట్టె వచ్చింది. గీత కూడా పడలేదు. బట్టలో చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి వేసి, దారంతో కట్టి పంపింది. కొత్త డిస్కు వేసి చుట్టూ రబ్బరు పెట్టి తిరిగి పంపించాను. రబ్బరు ముందే పెట్టాల్సింది. అది డిస్కు తప్పు కాదు, నా తప్పు.

నవంబర్ 9

మళ్లీ ఆగింది. పత్తి తీసేవాళ్లు వంగుతారు, లేస్తారు, మళ్లీ వంగుతారు. అంతలా వంగితే ఏ పెట్టె తట్టుకుంటుంది?

కొమురవ్వ నుంచి ఏ కబురూ లేదు. ఆమె అసలు వింటుందో లేదో.

నవంబర్ 10

తిరిగొచ్చిన డిస్కు కాసేపు నడిచి ఆగుతోంది. బాపు చెవి ఆనించి విన్నాడు.

"ఇది దగ్గుతున్నది బిడ్డా."

ముప్పై ఏళ్ల ఇంజను మోతకు బాపు చెవులు సగం పోయాయి. పట్టించుకోనక్కర్లేదు.

నవంబర్ 13, ఆదివారం

చర్చి మెట్ల మీద సిస్టరమ్మ ఆపింది. "మహిమా, భూమవ్వ పెట్టె ఎట్లున్నది?"

"డిస్కు మంచిగ నడుస్తున్నది సిస్టరమ్మా" అన్నాను. అబద్ధం కాదు. ఇంట్లోది మంచిగానే నడుస్తోంది.

నవంబర్ 14

కరీంనగర్ పోయి నలభై డిస్కులూ తెచ్చేశాను. తీర్మానం అయిపోయింది కదా.

నవంబర్ 15

భోజనం బాగాలేదు. బాపే వండాడు, ఎప్పటిలాగే వండాడు. అయినా బాగాలేదు.

నవంబర్ 22, మంగళవారం

పొద్దున్నే మొదటి బస్సుకు చెన్నూరు పోయాను. భూమవ్వ పెట్టెను ఎలా వాడుతుందో చూసి, ఎలా వాడాలో చెబుదామని. రాసుకున్న జాగ్రత్తలు పర్సులో ఉన్నాయి.

భూమవ్వకు అరవై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంటుంది. నేను దిగగానే ఇంటి ముందు బండ మీద వరసగా ఎండబెట్టిన సెల్లులు చూపించింది. "నీ పెట్టె రెండు దినాలల్ల సెల్లులు తినేస్తది బిడ్డా. ఎండకు పెడ్తె ఇంకో పూట నడుస్తది. కొమురవ్వది వారమైనా నడుస్తది."

తిరిగేదానికి ఎక్కువ కరెంటు కావాలని నాకు తెలుసు. సంఘానికి కూడా చెప్పే ఉంటాను.

ట్రాక్టరు వచ్చింది. ట్రాలీలో పదహారు మంది ఆడవాళ్లం ఎక్కాం. కొత్త డిస్కు పెట్టెను నేనే నా నడుముకు కట్టుకున్నాను, సరైన పద్ధతి చూపిద్దామని. కాలువ గట్టు మీదికి ఎక్కాక ట్రాలీ ఎగిరిన ప్రతిసారీ మేమంతా ఒకరి మీద ఒకరం పడుతున్నాం. సిస్టరమ్మ గొంతు లచ్చవ్వ మొగుడికి వచ్చిన దగ్గు గురించి చెబుతోంది. మూడో గుంత దగ్గర నా పొట్ట మీద సన్నగా టిక్, టిక్ అని తగిలింది. తర్వాత సిస్టరమ్మ ఆగిపోయింది. మిగతా పదిహేను మందీ నా వైపు చూశారు.

నేనేం పడేయలేదు. వంగనైనా వంగలేదు.

"నీ పెట్టె నెలలు నిండిన సూలాలు లెక్క" అంది భూమవ్వ. "దాన్ని నడిపించుకుంట తోల్కపోవాలె, ట్రాలీ ఎక్కియ్యద్దు." ట్రాలీ అంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా.

అప్పుడు కొమురవ్వ తన కొంగు కింద నుంచి పెట్టె తీసి గొంతు పెంచింది. లచ్చవ్వ మొగుడి దగ్గు అక్కడ మళ్లీ మొదలైంది. ఆ పెట్టె ఒక మూల పగిలి ఉంది. "మొన్న ట్రాలీల నుంచి కింద పడ్డది. దిగి తెచ్చుకున్న. పడ్డ కాడ గూడ మాట్లాడుతనే ఉన్నది" అంది. కబురు ఎందుకు పంపలేదని అడిగాను. "ఖరాబైతే కదా కబురు పంపేది" అంది.

చేను జగన్మోహన్‌రావు గారిది. ఒడ్డు మీద నిలబడి, "ఇనుండ్రి, ఇనద్దంటలేను. చేతులు ఆపకుండ్రి" అన్నాడు. మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు మెల్లగా భూమవ్వను అడిగాను. కార్డులో నాలుగో వంతే పడుతుంది, ముఖ్యమైనవి ఏరి పెడితే సరిపోతుందా అని.

ఆమె ముద్ద ఆపింది.

"సగం చెప్పి పంపుడు మాకు అలవాటే బిడ్డా. దవాఖాన్ల సగం చెప్తరు. ఆఫీసుల సగం చెప్తరు. నీకింత తెలిస్తె చాలు పో అంటరు. గీ సిస్టరమ్మ ఒక్కతే మొత్తం చెప్తున్నది. దాన్ని గూడ నువ్వు కోస్తవా?"

డిస్కు బతకదు, కార్డు చాలదు. పచ్చడి కారం అని చెప్పి నీళ్లు తాగాను.

కొమురవ్వ తన పెట్టెను తిప్పి తిప్పి చూస్తోంది. "గీ బిళ్ళ ఊడి వస్తదా?" అని అడిగింది. వస్తుందన్నాను. "మరి నాలుగు బిళ్ళలల్ల నాలుగు వంతులు వేసి, నలుగురికి తలొకటి ఇయ్యరాదు. నాదైపోతె భూమక్కకిస్త. భూమక్కది నేను తీసుకుంట. కొడవలి మార్చుకుంటలేమా?"

ఏడేళ్లు హైదరాబాద్‌లో పనిచేసినదాన్ని. నా తల్లో ఆ మాట ఎందుకు రాలేదు?

"కానీ ఒకామెకు మూడో వంతు ముందే వస్తుంది కదవ్వా. ముందు ఏమైందో ఎట్ల తెలుస్తది?"

దానికి భూమవ్వే చెప్పింది. "కోడలు ఇంటికొచ్చేది నడుమల్నే కదా. అంతకు ముందు ఏమైందో అందర్నీ అడిగి తెలుసుకుంటది. మేమంతా గట్లనే తెలుసుకున్నం."

జాగ్రత్తల కాగితం పర్సులోనే ఉండిపోయింది.

నవంబర్ 24

అయినా ఇంకా మందం రబ్బరు పెట్టి చూడొచ్చు.

నవంబర్ 28

మందం రబ్బరు పెట్టాను. పెట్టె సొరకాయంత అయింది.

డిసెంబర్ 1, గురువారం

బాపు టీ తాగుతూ నా సొరకాయను చూశాడు.

"మా వైండింగ్ ఇంజనును ఎట్ల పెట్టిండ్రో తెల్సా? మనిషెత్తు లోతు కాంక్రీటు పోసి, నా చెయ్యంత బోల్టులేసి బిగించిండ్రు. అది ముప్పై ఏండ్లు తిరిగిందంటె గందుకే. దాన్ని ఎడ్లబండి మీద పెట్టి ఎవ్వలు తోలలే బిడ్డా."

"మరి నువ్వే అన్నవు కదా, తిరిగేది చెప్పి ఆగుతదని."

"అన్న. అది చెప్పింది. దగ్గుతున్నదని నేను చెప్పిన. నువ్వు ఇనలే."

కోపంగా అనలేదు. టీ గ్లాసు కడిగి బోర్లించి, చొక్కా వేసుకొని బజారుకు పోయాడు. నేను నలభై డిస్కుల డబ్బాను ముందు పెట్టుకొని కూర్చున్నాను. వాటికి ఏ లోపమూ లేదు. అంత నైపుణ్యం పెట్టి ఎవరో చేసిన వస్తువు. ట్రాలీ కోసం చేయలేదు, అంతే. నాకు డిస్కు కావాలి కాబట్టి అవ్వలకు డిస్కు కావాలనుకున్నాను. ఈ వాక్యం రాయడానికి రెండు నెలలు పట్టింది.

డిసెంబర్ 4, ఆదివారం

సంఘం ముందు లేచి నిలబడి అంతా చెప్పాను. మూడు డిస్కులు పోయిన సంగతి, మెట్ల మీద సిస్టరమ్మకు చెప్పిన మాట, అడగకుండా నలభై తెచ్చిన సంగతి. కొమురవ్వ ఆలోచన చెప్పి అది ఆమెదేనని కూడా చెప్పాను.

సిస్టరమ్మ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నేను గూడ ఒకటి ఒప్పుకోవాలె" అంది. "ఏ రోగం తీసెయ్యాలె అని అడిగిన చూడు, అది అవ్వల కోసమే అడగలే. రెండేండ్లు ఫ్యాను బంద్ చేసుకొని చెమటల కూసోని చెప్పిన. ఒక్క ముక్క పోయినా నాకు పానం ఒప్పదు. గందుకే డిస్కు అన్న."

అందరూ నవ్వారు, ముందు ఆమే నవ్వింది. తర్వాత గొంతు మార్చి నర్సులాగా అడిగింది. "నీ కార్డు చెప్పకుంట ఆగితే ఏం జేస్తవ్?"

"ఆగొచ్చు సిస్టరమ్మా. అందుకే ఇంకో నాలుగు కార్డులు మీ బీరువాల ఉంటయి. ఏది పోయినా వారంల మల్ల ఎక్కించి ఇస్త."

కార్డులే అని కొత్త తీర్మానం. ఇంటికొచ్చి రెండు పళ్ళేల అన్నం తిన్నాను.

డిసెంబర్ 7

కరీంనగర్ డీలర్ ముఖం మాడ్చుకొని డిస్కులు తీసుకొని కార్డులు ఇచ్చాడు. చచ్చిన మూడింటినీ మాత్రం తీసుకోలేదు. ఎలా చచ్చాయని అడిగాడు. పత్తి తీస్తూ అన్నాను.

డిసెంబర్ 13

ఒకటో వంతు ఎరుపు, రెండు ఆకుపచ్చ, మూడు పసుపు, నాలుగు నీలం. చదువు రాకపోయినా రంగు తెలుస్తుంది. గోళ్ల రంగుతో వేస్తున్నాను. నస్పూర్‌లో ఆకుపచ్చ గోళ్ల రంగు దొరకడమే కష్టమైంది.

డిసెంబర్ 20

ఇరవై ఆరు పెట్టెలు. మెడ పట్టేసింది.

డిసెంబర్ 25, ఆదివారం

పంచాం. నలభైకి నలభై మోగాయి. చర్చి ఆవరణలో నలభై మంది సిస్టరమ్మలు ఒకేసారి నాలుగు రకాల రోగాల గురించి మాట్లాడుతుంటే పాస్టరుగారు ప్రార్థన కాసేపు ఆపాల్సి వచ్చింది. భూమవ్వ కొత్త చీర కట్టుకొని వచ్చింది. తన ఎర్ర కార్డును బయటికి తీసి, చూసి, లోపల పెట్టి, మళ్లీ తీసి చూసింది.

ఇంట్లోని డిస్కు పెట్టెను బాపు గోడ అల్మారాకు నాలుగు మరలు వేసి బిగించాడు. హాయిగా తిరుగుతోంది.

జనవరి 3, 2006

ఒక తప్పు చేశాను. కార్డు నిండేదాకా ఎక్కించి, నిండిన చోట ఆపేశాను. ఎక్కడ ఆగుతుందో వినలేదు. ఎర్ర కార్డు ఆగింది లచ్చవ్వ కోడలికి నొప్పులు వచ్చి, ఎడ్లబండి వాగులో ఇరుక్కుపోయిన చోట. వచ్చే వారం అన్ని ఎర్ర కార్డులూ వెనక్కి తెప్పించి సరిచేయాలి.

జనవరి 9, సోమవారం

సిస్టరమ్మ నా షాపులో కూర్చొని నేను చేసిన తప్పు గురించి వింటుండగా ఫోను మోగింది.

"నేను జగన్మోహన్‌రావును, చెన్నూరు నుంచి. నీ డబ్బా ఏం జేసిందో తెల్సా అమ్మా?"

తెలియదన్నాను.

"పొద్దుగాల ట్రాలీల వస్తుంటె కథ ఆగిపోయిందట. ఆకుపచ్చ బిళ్ళ గా కొమురవ్వ కాడ ఉన్నదట. ఆమె బిడ్డ ఇంటికి పోయింది, రెండూర్లు అవతల. భూమవ్వ లేసి నిలబడి, ట్రాక్టరు మలుపు అన్నది. అందరు మలుపు మలుపు అన్నరు. నా డ్రైవరు మలిపిండు. బిళ్ళైతె దొరకలే, కూలోల్లు మాత్రం పదింటికి వచ్చిండ్రు నా చేనుకు."

"తప్పైంది సార్. గా కార్డు నేను సరిచేస్త."

"సరే, సరే." గొంతు తగ్గించాడు. "మా ఇంటామె సరళ నిన్న చేను కాడ కూసోని గా కథ ఇన్నది. పొద్దటి సంది పరేషాన్ జేస్తున్నది నన్ను. ఇంతకు గా పిల్లకు కాన్పయిందా, లేదా?"

నేను సిస్టరమ్మ వైపు చూశాను. ఆమె చెయ్యి చాపి ఫోను తీసుకుంది.

"నమస్తే సార్, ఎలీసబెతును. అయింది, తల్లి పిల్ల ఇద్దరు బతికిండ్రు. ఎట్లనంటరా? ఊర్లె దొర తన ట్రాక్టరు ఇచ్చి దవాఖానకు తోలిచ్చిండు. ఇంక జరసేపైతె పానం పోతుండె. ఆయన పేరు చెప్పుకొని దీపం పెడ్తరు గా ఇంట్ల."

అవతల ఏమన్నాడో నాకు వినబడలేదు. సిస్టరమ్మ "అట్లనా", "మంచిది సార్", "రాత్రయినా సరేనా" అంటోంది. ఫోను పెట్టేసి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఏమన్నడు?"

"గా ఊర్లె ఎవ్వలకు నొప్పులొచ్చినా తన ట్రాక్టరు తోలుకపొమ్మన్నడు. డ్రైవరుకు చెప్పి పెడ్తడట. వాళ్లావిడకు గూడ ఒక పెట్టె కావాల్నట."

"సిస్టరమ్మా, కథల ట్రాక్టరు లేదు కదా. ఎడ్లను విప్పి మనుషులే బండిని నూకిండ్రు. ఆకుపచ్చ కార్డుల అట్లనే ఉన్నది."

"ఇప్పుడు ట్రాక్టరు వచ్చింది" అంది ఆమె, లేచి నా షాపు ఫ్యాను ఆపేస్తూ. "మైకు తియ్యి. గా గంట మల్ల చెప్త."

చెప్పింది. ఒక్కసారి కూడా తడబడలేదు. ఆకుపచ్చ కార్డులు పదీ వెనక్కి తెప్పించి కొత్త గంట ఎక్కించాలి. సిస్టరమ్మ బీరువాలోది కూడా. ఎర్ర కార్డులను మాత్రం ముట్టుకోవడం లేదు. అవి ఆగిన చోటే ఆగనీ.